ఒడంబడికకు రాజ్యాంగ రక్షణము



ఋణపత్రము వ్రాసికొనుట, పొలము కౌలునకిచ్చుట, ఎద్దులను వాయిదాపై కొనుట, ఇల్లు తనఖా పెట్టుట మీకు క్రొత్త సంగతులు కావు. ఇద్దరు తమ యిష్టప్రకారము కూర్చుండి, షరతులు మాటలాడుకొని, సాక్షుల యెదుట సంతకములు చేసిన పిమ్మట ఆ పత్రము ఇరువురకును కట్టుబాటగును. ఒకడు తప్పినచో రెండవవాడు న్యాయస్థానమునకు పోవును. ఇంతవరకు అందరు నెరిగినదే. కాని వేరొక ప్రశ్న కలదు. ఆ యిద్దరిలో ఎవడు మాట తప్పినను తప్పకున్నను, మూడవదియైన ప్రభుత్వము నడుమ ప్రవేశించి, “ఈ పత్రములోని వడ్డీ చెల్లదు, ఈ గడువు చెల్లదు” అని చట్టము చేసినచో ఏమగును? ప్రభుత్వమునకు అట్టి అధికారము ఉండవలెనా, ఉండరాదా? ఉన్నచో దానికి హద్దేది?

ఈ ప్రశ్నకు తమ రాజ్యాంగములోనే సమాధానము వ్రాసికొన్నవారు అమెరికా సంయుక్త రాష్ట్రములవారు. అచ్చటి ప్రభుత్వము రెండు అంతస్తులది. దేశమంతటికిని ఒక కేంద్ర ప్రభుత్వము కలదు. దాని శాసనసభకు కాంగ్రెసు అని పేరు. ఆయా రాష్ట్రములకు వేర్వేరు ప్రభుత్వములు, వేర్వేరు శాసనసభలు కలవు. 1787వ సంవత్సరమున వ్రాయబడిన వారి రాజ్యాంగములో మొదటి అధికరణము పదియవ విభాగమున, రాష్ట్రములు చేయరాని పనుల పట్టిక యొకటి యున్నది. ఒడంబడికల వలన కలిగిన బాధ్యతను భంగపరచు చట్టమును ఏ రాష్ట్రమును చేయరాదనుట ఆ పట్టికలోని ఒక నిషేధము. మాటలు కొద్దియే. అయినను వాని యర్థమును గూర్చి రెండువందల సంవత్సరములకు పైగా అచ్చటి న్యాయస్థానములలో వాదము జరుగుచునే యున్నది. ఆ వాదమును తెలిసికొనుట మనకును ప్రయోజనకరము. ఏలయనగా ఋణస్థుని కష్టము, ఋణదాత నష్టము అన్నవి ఒక్క దేశమునకు చెందినవి కావు.

ఈ నిబంధన ఏల పుట్టినదో మొదట చెప్పెదను. 1776లో స్వాతంత్ర్యము ప్రకటించుకొని, ఇంగ్లాండుతో దీర్ఘకాలము యుద్ధము చేసి గెలిచిన పిమ్మట అమెరికా ప్రజలు అప్పులలో మునిగియుండిరి. నాణెము కరవైనది. ధాన్యమునకు ధర లేదు. పన్నులు మాత్రము నగదుగా చెల్లింపవలసియుండెను. యుద్ధములో పోరాడి వచ్చిన రైతులే తమ పొలములు వేలమునకు వచ్చుట చూచిరి. 1786లో మెసాచుసెట్సు రాష్ట్రమున డేనియలు షేసు అను మాజీ సైనికాధికారి మొదలగువారి నాయకత్వమున రైతులు గుంపులుగా కూడి, ఋణవ్యాజ్యములు విచారింపకుండ న్యాయస్థానములను అడ్డగించిరి. 1787 జనవరిలో వారు స్ప్రింగుఫీల్డు ఆయుధాగారముపైకి నడచి చెదరగొట్టబడిరి.

మరికొన్ని రాష్ట్రములలో ఋణస్థుల మొర శాసనసభలకే వినబడెను. కొన్ని సభలు అప్పు వసూలును నిలిపివేయు చట్టములు చేసినవి. దక్షిణ కెరొలైనా రాష్ట్రమున 1785లో చేసిన చట్టము, ఋణస్థుడు నగదునకు బదులు భూమిని చూపి అప్పు తీర్చుటకు అవకాశమిచ్చెను. రోడు ఐలెండు రాష్ట్రము 1786లో కాగితపు ద్రవ్యమును ముద్రించి, దాని విలువ పడిపోయినను ఋణదాత దానినే పుచ్చుకొనవలెనని శాసించెను. వర్తకులు కొందరు అంగళ్లు మూసికొనిరి. అప్పు తీసికొన్నవారి సంఖ్య యెక్కువ, ఇచ్చినవారి సంఖ్య తక్కువ. శాసనసభ్యులను ఎన్నుకొనునది సంఖ్యయే. కనుక ప్రతి యెన్నికకును పాతపత్రములు కొట్టివేయబడునేమో యను భయము పుట్టినది. అట్లయినచో పొరుగు రాష్ట్రమువానికి అప్పిచ్చు ధైర్యమెవనికుండును?

ఇట్టి కాలమున ఫిలడెల్ఫియా నగరమున రాజ్యాంగసభ కూడెను. అదే సంవత్సరము జూలైలో, వాయవ్య ప్రాంతపు పరిపాలనకు కాంగ్రెసు చేసిన శాసనములో ప్రైవేటు ఒడంబడికలలో జోక్యము కలిగించుకొను చట్టములను నిషేధించు వాక్యమొకటి యుండెను. ఆగస్టు 28వ తేదీన రూఫస్ కింగు అను ప్రతినిధి అట్టి వాక్యమునే రాజ్యాంగములో చేర్పుడని కోరెను. కొందరు వెంటనే అభ్యంతరము చెప్పిరి. కొన్ని వేళల అట్టి చట్టము అవసరము కావచ్చునని వారి భావము. నాడు ఆ ప్రతిపాదన యథాతథముగా అంగీకరింపబడలేదు. చివరకు ప్రతిని సవరించిన ఉపసంఘమువారి చేతిలో అది మరల ప్రవేశించి, సెప్టెంబరు 17న సంతకములైన రాజ్యాంగములో నిలిచినది. అనగా ఈ నిబంధన పుట్టినదినముననే దానిపై సంశయము కూడ పుట్టినది. ఆ సంశయమే తరువాతి చరిత్ర యంతయు.

ఒక్క విషయము గుర్తుంచుకొనవలెను. ఈ నిషేధము రాష్ట్రములకే గాని కేంద్రమునకు కాదు. దివాలా చట్టములు చేయు అధికారమును రాజ్యాంగము కాంగ్రెసునకు ప్రత్యేకముగా ఇచ్చినది. బంగారు నాణెములతోనే చెల్లింపవలెనని పత్రములలో వ్రాసికొన్న షరతులను 1933లో కాంగ్రెసు రద్దు చేయగా, 1935లో సర్వోన్నత న్యాయస్థానము ప్రైవేటు పత్రముల విషయమున దానిని ఆమోదించెను. ఆ పనినే ఒక రాష్ట్రము చేసియుండినచో ఈ నిబంధన అడ్డుపడెడిది.

ఇక నిబంధనకు ప్రాణము పోసినవాడు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షలు. ఆయన యెదుటికి వచ్చిన మొదటి గొప్ప వ్యాజ్యము విచిత్రమైనది. 1795లో జార్జియా రాష్ట్ర శాసనసభ ఇంచుమించు 3 కోట్ల 50 లక్షల ఎకరముల భూమిని నాలుగు కంపెనీలకు 5 లక్షల డాలర్లకు అమ్మివేసెను. డాలరునకు నూరు సెంట్లు. లెక్క చూచిన ఎకరము వెల ఒకటిన్నర సెంటైనను కాదు. ఆ చట్టమునకు ఓటు వేసిన సభ్యులలో దాదాపు అందరికిని ఆ కంపెనీలలో భాగముండెనని బయటపడెను. ప్రజలు మండిపడి, మరుసటి యెన్నికలో క్రొత్త సభను ఎన్నుకొనిరి. 1796లో ఆ క్రొత్త సభ అమ్మకమును రద్దు చేసి, పాత చట్టపు ప్రతిని బహిరంగముగా తగులబెట్టించెను. కాని యీలోపల ఆ భూములు చేతులు మారినవి. దూరప్రాంతములవారు మంచి వెలయిచ్చి కొనియుండిరి. అట్లు కొన్న ఫ్లెచరు అనునతడు, అమ్మిన పెక్కు అనునతనిపై దావా వేయగా, 1810లో మార్షలు తీర్పు చెప్పెను. రాష్ట్రము భూమిని అమ్ముటయు ఒక ఒడంబడికయే. ఇచ్చినదానిని మరల లాగికొననని ఆ అమ్మకములోనే మాట యిమిడియున్నది. మోసమెరుగక వెలయిచ్చి కొన్నవాని హక్కును తరువాతి చట్టము తుడిచివేయజాలదు.

లంచము తిన్నవారి చట్టము నిలిచినదేమి యని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని మార్షలు చూచినది మొదటి దొంగలను కాదు. వారి తరువాత నిర్దోషముగా కొన్నవానిని. మన గ్రామములలో సయితము మూడు చేతులు మారిన పొలముపై తగవు వచ్చినప్పుడు, మొదటి అమ్మకములోని దోషమునకు చివర కొన్నవానిని ఎంతవరకు బాధ్యుని చేయవలెనన్న ప్రశ్న పుట్టుచునే యుండును. 1814లో కాంగ్రెసు 50 లక్షల డాలర్ల వరకు పరిహారము కేటాయించి ఆ భూముల హక్కుదారులతో పరిష్కారము చేసికొనెను.

1819లో రెండు తీర్పులు వచ్చినవి. న్యూ హాంప్‌షైరు రాష్ట్రమున డార్టుమతు కళాశాల యను విద్యాసంస్థ 1769లో ఇంగ్లాండు రాజు మూడవ జార్జి ఇచ్చిన సన్నదుపై ధర్మకర్తల పాలనలో నడచుచుండెను. 1816లో రాష్ట్ర శాసనసభ ఆ సన్నదును మార్చి, కళాశాలను తన చేతిలోనికి తీసికొనజూచెను. సన్నదు ఒడంబడికయే యనియు, రాజు పోయి ప్రజాప్రభుత్వము వచ్చినను ఆ మాట చెల్లుననియు మార్షలు నిర్ణయించెను. దానిపై రాష్ట్రములు ఒక ఉపాయము కనుగొనినవి. కంపెనీలకు సన్నదులిచ్చునప్పుడే, అవసరమైనచో మార్చుటకు తమకు హక్కు కలదని అందులోనే వ్రాయసాగినవి. ముందు చెప్పి మార్చినది మాట తప్పుట కాదుగదా.

రెండవ తీర్పు అప్పులకు సంబంధించినది. 1811లో న్యూయార్కు రాష్ట్రము చేసిన చట్టము, ఆస్తినంతయు అప్పగించిన ఋణస్థుని పాత బాకీలనుండి విముక్తుని చేసెను. ఆ చట్టమునకు పూర్వము వ్రాసిన పత్రములకది వర్తింపదని మార్షలు చెప్పెను. కాని అదే తీర్పులో ఒక మంచి వివేచన కూడ చేసెను. బాధ్యత వేరు, దానిని వసూలు చేయు మార్గము వేరు. అప్పు తీర్చలేనివానిని చెరసాలలో పెట్టు పద్ధతిని రాష్ట్రము తీసివేయవచ్చును. ఏలయనగా చెర అన్నది ఒడంబడికలోని భాగము కాదు. బాకీ మాత్రము బాకీగా నిలిచియుండును.

1827లో ఇంకొక మెట్టు ఎక్కిరి. చట్టము ముందుగానే యుండి, దాని తరువాత ఎవరైనను అప్పు ఇచ్చినచో, ఆ చట్టమును ఎరిగియే ఇచ్చినట్లు గదా? అట్టి భావి ఒడంబడికలకు రాష్ట్రము నియమములు చేయవచ్చునని న్యాయమూర్తులలో నలుగురు నిర్ణయించిరి. మార్షలుతో కలిసి ముగ్గురు ఒప్పుకొనలేదు. నాటినుండి ఇదియే స్థిరమైన సూత్రము: ఈ నిబంధన రక్షించునది గడచిన మాటను, రాబోవు మాటలకు హద్దులు పెట్టుట ప్రభుత్వపు పనియే. వడ్డీకి మితి పెట్టు చట్టము రేపటి పత్రములకు చెల్లును. నిన్నటి పత్రములకు వర్తింపజేసినప్పుడే తగవు వచ్చును.

అయితే వసూలు చేయు మార్గమును మార్చుచున్నామను పేరుతో బాధ్యతనే కరిగించుట సాధ్యమే. 1841లో ఇలినాయి రాష్ట్రము, తనఖా ఆస్తి వేలమైన పిమ్మట ఋణస్థుడు పండ్రెండు నెలలలో విడిపించుకొనవచ్చుననియు, మధ్యస్థులు కట్టిన వెలలో మూడింట రెండు వంతులకు తక్కువగా పాట కొట్టివేయరాదనియు చట్టములు చేసెను. పూర్వపు తనఖాలకు అవి చెల్లవని 1843లో సర్వోన్నత న్యాయస్థానము త్రోసివేసెను. తాకట్టు పెట్టించుకొనుటయే వసూలునకు పూచీగా. ఆ పూచీ పనికిరాకుండ పోయినచో పత్రము మిగిలియు ఫలమేమి?

ఇంతవరకు చెప్పినది నిబంధన బలము. ఇక దాని హద్దులు చూడుడు. బోస్టను నగరమున చార్లెసు నదిపై ఒక కంపెనీ 1785లో సన్నదు పొంది వంతెన కట్టి, దాటువారినుండి సుంకము తీసికొనుచుండెను. 1828లో రాష్ట్రము ఆ సమీపముననే రెండవ వంతెనకు అనుమతినిచ్చెను. కొన్నియేండ్లకది సుంకము లేని వంతెన కావలసినది. పాత కంపెనీవారు మాట తప్పితిరని దావా వేసిరి. 1837లో మార్షలు తరువాత వచ్చిన ప్రధాన న్యాయమూర్తి టానీ ఆ దావాను అంగీకరింపలేదు. వేరు వంతెన కట్టనీయమని సన్నదులో వ్రాసియుండలేదు. ప్రజాధికారమును వదలుకొన్నట్లు రాష్ట్రము స్పష్టముగా చెప్పనిచో, చెప్పినట్లు ఊహింపరాదని ఆయన తీర్పు.

వ్రాసియున్నను చెల్లని మాటలు కొన్ని కలవని 1880 నాటి తీర్పు తెలిపినది. మిసిసిపి రాష్ట్రము 1867లో ఒక లాటరీ కంపెనీకి ఇరువదియైదేండ్లకు సన్నదిచ్చెను. కొలది కాలములోనే క్రొత్త రాష్ట్ర రాజ్యాంగము లాటరీలను నిషేధించెను. కంపెనీ తన సన్నదు చూపెను. ప్రజల ఆరోగ్యమును, నీతిని కాపాడు అధికారము ఏ శాసనసభయు బేరము పెట్టదగినది కాదనియు, దానిని అమ్మజాలని సభనుండి కొన్నవానికి హక్కు రాదనియు న్యాయస్థానము చెప్పెను. ఊరి చెరువును ఒక తరము పెద్దలు శాశ్వతముగా ఒకని స్వంతమునకు వ్రాసియిచ్చినచో, తరువాతి తరము దప్పికతో చావవలెనా? అట్టిదే ఈ న్యాయము.

ఇప్పుడు అన్నిటికంటె కఠినమైన పరీక్షకు వత్తము. 1929లో మొదలైన ఆర్థికసంక్షోభమున అమెరికా రైతు మరల 1786 నాటి స్థితికి వచ్చెను. ధాన్యపు ధరలు కూలినవి; పొలములు, ఇండ్లు వేలములకు వచ్చినవి. మిన్నెసోటా రాష్ట్రము 1933 ఏప్రిలు 18న ఒక చట్టము చేసెను. వేలమైన ఆస్తిని విడిపించుకొను గడువును న్యాయస్థానము పొడిగింపవచ్చును; ఎంత పొడిగించినను 1935 మే 1 దాటరాదు. అంతవరకు ఋణస్థుడు ఆ యింట ఊరక కూర్చుండరాదు. న్యాయస్థానము నిర్ణయించిన న్యాయమైన అద్దెను నెలనెలకు చెల్లింపవలెను. అసలులోను వడ్డీలోను చట్టము దమ్మిడీయైనను తగ్గింపలేదు.

మినియాపొలిసు నగరమున బ్లెయిజుడెలు దంపతుల యిల్లు 1932లో 3,700 డాలర్ల చిల్లరకు వేలమై, గడువు ముగియవచ్చుచుండెను. న్యాయస్థానము నెలకు 40 డాలర్లు కట్టుమని గడువు పొడిగించెను. అప్పిచ్చిన సంఘము సర్వోన్నత న్యాయస్థానమునకు పోయెను. 1934 జనవరిలో అయిదుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపుగా తీర్పు వచ్చినది. ప్రధాన న్యాయమూర్తి హ్యూసు రాష్ట్రము పక్షమున చెప్పెను. ఆపద క్రొత్త అధికారమును పుట్టింపదు గాని, ఉన్న అధికారమును వాడుటకు సందర్భము కల్పించును. చట్టము నిజమైన ఆపదలో పుట్టినది, ఒక వర్గపు లాభమునకు కాక సమాజ రక్షణకు ఉద్దేశింపబడినది, షరతులు న్యాయమైనవి, కాలమునకు మితి యున్నది. కనుక చెల్లునని ఆయన నిర్ణయము.

ఎదుటి పక్షమున న్యాయమూర్తి సదర్లండు వ్రాసినది కూడ త్రోసివేయదగినది కాదు. ఈ నిబంధన పుట్టినదే కష్టకాలమున ఋణస్థులకై చేసిన చట్టములను ఆపుటకు గదా; కష్టకాలము వచ్చినదని దానిని సడలించినచో ఇక అది రక్షించునదెప్పుడు? సుఖకాలమున ఎవడును అట్టి చట్టము చేయడు. ఈ మాటకు సమాధానము చెప్పుట సులభము కాదు. హ్యూసు నిర్ణయమును మెచ్చువారు సయితము సదర్లండు ప్రశ్నను చదువవలెను.

అయితే 1934లో తలుపులన్నియు తెరవబడలేదు. అదే సంవత్సరము ఆర్కెన్సా రాష్ట్రపు చట్టమొకటి అదే న్యాయస్థానమున ఓడిపోయెను. భీమా వలన వచ్చు సొమ్మునంతయు, ఎంత గొప్ప మొత్తమైనను, ఎంతకాలమైనను, బాకీదారులు ముట్టరాదని ఆ చట్టము. మితి లేదు, గడువు లేదు, ఋణదాతకు ప్రతిఫలము లేదు. రెండు చట్టములును ఋణస్థునిపై దయతో పుట్టినవే. ఒకటి నిలిచినది, ఒకటి పడినది. భేదము దయలో లేదు, మితిలో ఉన్నది.

తరువాతి కాలమున ఈ నిబంధన బలము తగ్గినదే గాని చావలేదు. 1962లో న్యూ జెర్సీ, న్యూయార్కు రాష్ట్రములు ఓడరేవు సంస్థ బాండ్లు కొన్నవారికి, ఆ సంస్థ ఆదాయమును నష్టపు రైలుమార్గములకు మితిమించి మళ్లింపమని మాటయిచ్చినవి. 1974లో ఆ మాటను రద్దు చేసినవి. 1977లో న్యాయస్థానము ఆ రద్దును కొట్టివేసెను. ఇతరుల ఒడంబడికలో జోక్యము చేసికొన్నప్పుడు శాసనసభ విజ్ఞతను కొంత నమ్మవచ్చును. తన బాకీనే తాను తగ్గించుకొన్నప్పుడు అంతగా నమ్మరాదని దాని హేతువు. మరుసటి యేడు, మిన్నెసోటా రాష్ట్రము కొన్ని కంపెనీలపై పింఛను భారమును హఠాత్తుగా వెనుకటి కాలమునుండి మోపిన చట్టమును త్రోసివేసెను.

2018లో వచ్చిన తీర్పు గృహస్థులకు సులభముగా బోధపడును. భర్త భీమాపత్రములో భార్య పేరు వ్రాసెను, తరువాత విడాకులైనవి, పేరు మార్చకయే అతడు మరణించెను. విడాకులతో ఆ పేరు దానంతట అదే రద్దగునని మిన్నెసోటా చట్టము. పత్రము చట్టమునకు పూర్వపుది. అయినను, ఆ మనుష్యుడు కోరిన యెడల ఒక కాగితము వ్రాసి మరల ఆమె పేరునే నిలుపుకొనవచ్చును గనుక పెద్ద భంగము లేదని ఎనమండుగురు ఒప్పుకొనిరి; ఒక్కరు భేదించిరి. నేడు అచ్చటి న్యాయస్థానములు అడుగు ప్రశ్నలు రెండు. చట్టము ఒడంబడికను గట్టిగా దెబ్బతీసినదా? తీసినచో, ప్రజలకు ముఖ్యమైన ప్రయోజనమునకై తగిన మార్గముననే చేసినదా?

ఈ కథ విన్న తెలుగువారికి తప్పక జ్ఞాపకము రావలసినది 1938వ సంవత్సరపు మద్రాసు రైతుఋణ విమోచన చట్టము. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివి గనుక అది అచ్చట అమలయినది; తెలంగాణము నిజాము రాజ్యములోనిదగుటచే అచ్చటికి రాలేదు. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము చేసిన ఆ చట్టప్రకారము, 1932 అక్టోబరు 1కి పూర్వపు రైతుల అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ అంతయు తీరినట్లే. అసలు మాత్రము చెల్లింపవలెను. అసలునకు రెండింతలు అప్పటికే ముట్టియున్నచో అప్పంతయు తీరినట్లే. ఆ తేదీ తరువాతి అప్పులకు నూటికి అయిదు వంతున వడ్డీ లెక్కకట్టవలెను. వేరు ఆస్తి లేని స్త్రీకి రావలసిన అప్పు అసలు 3,000 రూపాయలకు మించనిచో దానికి ఈ తగ్గింపు లేదు. పసుపుకుంకుమల సొమ్మునో భరణపు సొమ్మునో వడ్డీకిచ్చి బ్రదుకు వితంతువును చట్టకర్తలు మరువలేదన్నమాట.

ఇది మిన్నెసోటా చట్టము వలె గడువును పొడిగించుట కాదు. గడచిన మాటలోని భాగమునే కొట్టివేయుట. 1819 నాటి మార్షలు సూత్రమున తూచినచో నిలుచుట దుర్ఘటము. కాని 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టములో ఒడంబడికలను రక్షించు అట్టి నిబంధన లేదు. కనుక 1940లో ఫెడరలు కోర్టులో జరిగిన వాదము, మాట తప్పవచ్చునా యనునది కాదు. ప్రామిసరీ నోట్లు కేంద్రమునకు చెందిన విషయముగదా, రాష్ట్రసభకు అధికారమెక్కడిది అనునది. నోటుపై పుట్టిన డిక్రీల విషయమున కోర్టు ఆ చట్టమును నిలిపెను. 1947లో ప్రీవీ కౌన్సిలు కూడ బెంగాలు వడ్డీవ్యాపారుల చట్టమును, సారాంశమున అది రాష్ట్రవిషయమేయని నిలిపెను.

మన పూర్వులు దీనినెట్లు చూచిరి? మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో మొదటిది ఋణాదానము. కట్టుబాటు తప్పుట యను సంవిద్వ్యతిక్రమమును వానిలోనిదే. మితాక్షరను కేతన 13వ శతాబ్దమున తెలుగు చేయుటచే ఈ ధర్మములు మన భాషలోనికి వచ్చినవి. మాట నిలుపుమని గట్టిగా చెప్పిన ఆ స్మృతులే, ఒక్కమారుగా తీసికొను వడ్డీ అసలును మించరాదనియు చెప్పినవి. బొంబాయి రాజధానిలోను కలకత్తా నగరములోను ఆంగ్లేయుల కోర్టులు సయితము దానిని దాందుపటు అను పేర హిందువుల విషయమున పాటించినవి. అయితే ఆ మితి అప్పు పుట్టకముందే యున్న ధర్మము. ఇచ్చువాడు దానిని ఎరిగియే ఇచ్చును. 1827 నాటి అమెరికా సూత్రమును ఇదియే గదా.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగమును ఒడంబడికలకు ప్రత్యేక రక్షణ నీయలేదు. ఒడంబడికలు కేంద్ర రాష్ట్రముల ఉమ్మడి జాబితాలోనివి. వడ్డీవ్యాపారము, వ్యవసాయఋణ విమోచనము రాష్ట్ర జాబితాలోనివి. ఆస్తి మొదట ప్రాథమిక హక్కుగా నుండి, 1978 నాటి 44వ సవరణచే ఆ స్థానము కోల్పోయినది. చట్టముయొక్క అధికారము లేక ఎవని ఆస్తిని తీసికొనరాదని 300ఎ అధికరణము చెప్పును. నిర్హేతుకమైన చట్టమును సమానత్వ హక్కు క్రింద ప్రశ్నింపవచ్చును. అమెరికావానికి ఒక్క వాక్యములో దొరకిన కవచము మనకు లేదు; కనుక మన శాసనసభల వివేకమే మనకు పెద్ద రక్షణము. ఆ సభలకు ప్రతినిధులను పంపునది మీవంటివారి గ్రామములే.

అందుచే ఋణవిమోచన చట్టమేదైనను ప్రతిపాదింపబడినప్పుడు దానిని వెంటనే మెచ్చక, వెంటనే తిట్టక, ఈ పరీక్షలు పెట్టుడు. అది రేపటి పత్రములకా, నిన్నటి పత్రములకా? బాకీనే కొట్టివేయుచున్నదా, వసూలు మార్గమును మాత్రము మెత్తపరచుచున్నదా? గడువునకు, మొత్తమునకు మితి యున్నదా? ఆపద నిజముగా అందరిదా, కొందరిదా? ప్రభుత్వము తన బాకీనే తాను తగ్గించుకొనుచున్నదా? నష్టపోవువారిలో వితంతువువంటి నిరాధారులున్నచో వారికి దారి చూపినదా?

నేడు అప్పు మాఫీయైన రైతుకు ఎల్లుండి విత్తనములకు మరల అప్పు కావలెను. ఆనాడు ఇచ్చువాడు పత్రమును నమ్మి యివ్వవలెను. అట్లని పత్రమొక్కటే నిలిచి, దాని క్రింద కుటుంబము నశించినను న్యాయమనిపించుకొనదు. ఈ రెంటిని ఒక్క తక్కెడలో తూచుట ఎంత కష్టమో ఫిలడెల్ఫియా సభలోని వాదము మొదలు 1934లో అయిదుగురు నలుగురుగా చీలిన తీర్పువరకు మనకు కనబడుచునే యున్నది. రచ్చబండపై ఋణపు తగవులు తీర్చిన పెద్దలకు ఆ తక్కెడ క్రొత్తది కాదు. రాష్ట్రమంతటికిని చట్టము చేయువారికి సయితము అదే తక్కెడ అవసరమని మాత్రము నా మనవి.